చెవి గుర్తు

రెండు వందల ఏడు మాటల పట్టిక
మేడం నా చేతికిచ్చింది.
నేను, నీవు, కన్ను, నీళ్లు, కుక్క -
ఏ భాషలోనైనా ఇవి ఉండి తీరుతాయంది.
చంద్రగిరి బస్సెక్కి, కాలనీ మలుపులో దిగి,
మా పెద్దవ్వ చెంగమ్మ ముందు
రికార్డరు పెట్టి కూచున్నాను.

నానబెట్టిన ఈతబరిగెలు చీలుస్తా ఉంది.
కన్నుకు చెప్పింది. నీళ్లకు చెప్పింది.
కుక్కకు చెప్తే వాకిట్లో కుక్క తలెత్తింది, నవ్వింది.
"మంచు?" అన్నాను.
"ఐసుబండోణ్ణి అడుగు పో" అంది.
ఆ గడి ఖాళీ.

ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే
రికార్డరులో గీత లేవదు.
కాస్త గట్టిగా చెప్పవ్వా అన్నాను.
కత్తి ఆపి నా మొహం చూసింది.
"మాయమ్మ నేర్పిందే మెల్లిగా మే.
పొద్దుగూకితే మగోళ్లంతా టేషన్లో పడుకోవాల.
పేరు పిలిస్తే పలకాల, అదీ తెలుగులో.
ఎరుకల మాట చెవినబడితే
యాడ కన్నమెయ్యను మాట్లాడుకుంటాండారని
లాఠీ దిగేది.
బిడ్డ ఏడిస్తే నోటికి చెయ్యడ్డం పెడతామే,
అట్లా మాట్లాడినాం."

నేనూ రోజూ విశ్వవిద్యాలయంలో హాజరు పలుకుతాను.
ఆ రోజు నుంచి
నా పేరు పిలిచినప్పుడల్లా
ఎవరో తాత నా పక్క బెంచీలో లేచి నిలబడతాడు.

వింటే తెలుస్తుంది నాకు ఆ భాష.
పలకబోతే నాలిక జారి తెలుగులో పడుతుంది.
మాతృభాష అన్న గడిలో
ఒకటో తరగతి అయివారు తెలుగని రాసినాడు.
చూసి రాసుకుంటా ఇంతదూరం వచ్చినాను.

ఫిబ్రవరి సెమినారుకు మారెత్ వచ్చింది.
చలికాలం పొద్దే పొడవని దేశం, సామీ మనిషి.
నీలం ఉన్ని కోటు, ఎర్రంచు.
తిరుపతి ఎండకు మెడంతా చెమట.
విప్పమ్మా అంటే విప్పదు.
ఈ బట్టకూ ఈ భాషకూ
వాళ్లమ్మను బడిలో కొట్టినారంట.
అందుకని ఎండైనా వేసుకుంటుందంట.

కాలనీకి పిలుచుకొని పోయినాను.
ఫోన్లో రెయిన్‌డీర్ల మంద చూపించింది.
చెంగమ్మ కళ్లద్దాలు పైటకు తుడుచుకొని
"కొమ్ములుండే పందులా?" అంది.
తరువాత, పనిమంతురాలి గొంతుతో,
"ఇంత మందలో ఎవురిది ఏదో
ఎట్లా తెలుస్తాదంట, అడుగు మే."

నేను ఇంగ్లీషు వెతుక్కునేలోపల
మారెత్ ఫోన్లో బొమ్మ చూపి, తన చెవి పట్టుకొని
వేలితో కోసింది: ఇక్కడొక గంటు, ఇక్కడ రెండు.
చెంగమ్మ లేచింది.
పందిపిల్లను వెనక్కాళ్లు పట్టి ఎత్తి
దాని చెవి విప్పి చూపించింది.
"పైన వంపు, కింద చీలిక, ఇది మాది.
సాతుపాటోళ్లది అడ్డంగా ఉంటాది."
ఇద్దరూ మట్టిలో చెవులు గీస్తా కూచున్నారు.
అనువాదం చేయడానికి వచ్చినదాన్ని
టీ పెట్టను పోయినాను.

తిరిగొచ్చేసరికి మాటలు రాలుతా ఉన్నాయి.
వంపుకొక పేరు. చీలికకొక పేరు.
ఎడమ చెవి కొసకు మాత్రమే ఇంకొకటి.
పదకొండు మాటలు,
పందిపిల్ల అరుపును మించిన గొంతుతో.
రికార్డరులో గీత అంచు దాటి ఎగిరింది.
పట్టికలో వాటిలో ఒక్కటీ లేదు.

మేడం అనుబంధంలో వేద్దామంది, బొమ్మలతో.
చెంగమ్మ ఒప్పుకోలేదు.
"మాటలు రాసుకో. గుర్తు మాత్రం అచ్చెయ్యొద్దు.
రేపెవుడో మా పందిని వాడిదంటాడు."
అందుకే నా సిద్ధాంత గ్రంథంలో
ఒక పేజీ సగం తెల్లగా ఉంటుంది.
మంచు గడిలో మాత్రం
ఐసుబండి ఆయన్ను అడగమన్నారు అని రాసినాను.
మేడం ఎర్ర పెన్ను ఎత్తి, దించేసింది.

ఆ సాయంత్రం బస్సులో
కండక్టరు ఎన్ని టికెట్లన్నాడు.
ఒకటి అన్నాను, మా మాటలో.
"ఏందీ?" అన్నాడు.
మళ్లీ అదే అన్నాను, కొంచెం గట్టిగా.
ముందు సీటామె వెనక్కి తిరిగి చూసింది.
అప్పుడు వేలు చూపించి
తిరుపతి అన్నాను.