సోమవారం సెలవు

కుతాయిసిలో, రియోనీ వంతెన దిగగానే
నేలమాళిగ కిటికీలోంచి రొట్టెలమ్మే సియూరి
వచ్చే వారం సొంత కొట్టు పెట్టబోయే గీగాకి
ఆఖరి జీతం చేతిలో పెడుతూ అన్న మాటలివి.
రొట్టె కోసం వరసలో ఉన్నాను నేను.
వరస కదల్లేదు. ఎవరూ గొణగలేదు.

"లెక్కపెట్టుకో. నా ముందే.
మొహమాటపడి జేబులో వేసుకున్నావంటే
నీ మొదటి నష్టం ఇక్కడే మొదలు.

పిండిని చూసి నేర్చుకోమంటారు,
ఓపిక పడితే అదే పొంగుతుందట.
పిండికేం, అద్దె కట్టాలా, కరెంటు బిల్లు కట్టాలా?
నువ్వు పొంగే ముందు బట్టీ గోడ చూసుకో.
మనదానికి ఇరవై రొట్టెలే అంటుకుంటాయి.
ఇరవై ఒకటోది బూడిదలో పడుతుంది,
పక్కదాన్ని కూడా లాక్కుని.

బతూమీలో రెండో కొట్టు తెరిచాను, నీకు తెలుసుగా.
సముద్రం ఎదురుగా అద్దాల తలుపు,
నా పేరుతో నీలం బోర్డు.
వడ్డీ తక్కువని అప్పు డాలర్లలో తెచ్చాను.
రొట్టెలేమో మన లరీలకే అమ్మాను.
ఒక చలికాలం లరీ జారింది.
అదే రొట్టె, అదే చెయ్యి,
అప్పు మాత్రం నేను నిద్రపోతుండగా లావెక్కింది.
దుప్పటి ఉన్నంతే కాళ్ళు చాపమంటారు పెద్దలు.
నేనైతే ముందు
ఆ దుప్పటి ఎవరిదో అడగమంటాను.

ఆ నీలం బోర్డు ఇప్పుడు
మా కోళ్ళగూటికి కప్పు.
మంచి రేకు. చుక్క కారదు."

నా ముందున్న టాక్సీ డ్రైవరు నవ్వబోయి
ఆమె మొహం చూసి దగ్గాడు.

"గల్లాపెట్టె నీ జేబు కాదు గీగా.
నీకూ జీతం వేసుకో,
పనివాడికి ఇచ్చాక.
అదిగో ఆ ఏనుగుబొమ్మ టీ డబ్బాలో
ఆర్నెల్ల అద్దె ఉండేది.
ఇప్పుడు బ్యాంకులో ఉందిలే, వరసలో ఎవరెవరున్నారో!
దాన్ని ముట్టుకునే ముందు ముగ్గుర్ని అడుగుతాను:
నన్ను, మా చెల్లెల్ని,
తెల్లారాక మళ్ళీ నన్ను.

బట్టీలోకి తలకిందులుగా వంగే బతుకు మనది.
నా నడుం పట్టేసిన మూడు వారాలూ
కొట్టు తెరిచింది నువ్వే.
అందుకే నువ్వూ ఒకడికి పని నేర్పు.
వాడూ ఒకరోజు ఇలాగే వెళ్ళిపోతాడు.
అయినా నేర్పు.

మార్ఫాకి అరువివ్వు, పింఛను తొమ్మిదిన వస్తుంది.
మామూకకి ఇవ్వకు,
అతనికి పింఛనూ రాదు, సిగ్గూ రాదు.

ఇంకోటి."

ఆగింది. పొడవాటి కొక్కెంతో
రెండు రొట్టెలు ఊడదీసి బల్ల మీద పడేసింది.

"మా ఒతారి ఊరి చదరంగం పోటీలో
మూడోవాడిగా గెలిచాడు.
నాకు తెలిసింది రెండేళ్ళకి,
ఇదే కిటికీ దగ్గర ఒక బేరగాడు చెబితే.
ఇంటికెళ్ళి నిలదీశాను, చెప్పలేదేమని.
చెప్పాను, అన్నాడు,
అప్పుడు నువ్వు లెక్క చూసుకుంటున్నావు.
మరి కప్పేదీ అంటే
వంటింటి అర వైపు చూపించాడు.
రెండేళ్ళుగా నేను
అందులోంచే ఉప్పు తీసి కూరలో వేస్తున్నాను.

అప్పట్నుంచి సోమవారం కొట్టు మూత.
పార్కులో అతని పక్కన కూర్చుంటాను.
ఆట నాకు అర్థం కాదు.
గుర్రం అలా వంకరగా ఎందుకు దూకుతుందో
ఇప్పటికి పదిసార్లు చెప్పాడు.
సోమవారానికి అమ్మకం ఎంత పోతుందో
తెత్రీలతో సహా చెప్పగలను.
అయినా దాన్ని నష్టం కింద రాయను.
ఏ పద్దు కింద రాయాలో మాత్రం
ఇంకా తేలలేదు."

గీగా రెండోసారి లెక్కపెట్టాడు.
"ఇరవై ఎక్కువుంది," అన్నాడు.
ఆమె ఆ ఇరవై వెనక్కి తీసుకుంది,
పొరపాటో పరీక్షో చెప్పకుండా.
తర్వాత వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి
అతని వైపు తోసి, చెయ్యి చాచింది.
"ఇప్పుడు నువ్వు బేరగాడివి. డబ్బులు?"
అతను ఇచ్చాడు, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ.
బట్టీ పొగ మరి.

నా వంతు వచ్చింది.
ఒకటి చాలన్నాను.
"రేపు సోమవారం," అంది సియూరి,
"రెండు తీసుకో."