తోపాస్

లరంతుకా రేవులో చర్చి గంట ఆగాక
యూఫ్రాసియా అత్త రేకుపెట్టె తెరిచింది.
అందులో టోపీ లేదు.
టోపీ ఉన్నంతమేర
గుండ్రంగా నొక్కుకుపోయిన మఖమల్ గుడ్డ ఉంది,
అంచులు బొద్దింకలు కొట్టేసినది.

"మనల్ని తోపాస్ అనేవాళ్ళు" అంది,
వేడి జొన్నగింజ రాతిమీద పెట్టి
అటుకులా చరుస్తూ.
"ఆ టోపీ వల్లేనట. కాళ్ళకు చెప్పుల్లేకపోయినా
మనవాళ్ళ నెత్తిన పోర్చుగల్ ఉండేది."

టోపీ కాదంటాడు ఫాదర్ లంబెర్తుస్.
ఆ మాట ఎక్కడో ఇండియా రేవుల్లో పుట్టిందట,
దుబాసి దాని చిన్నప్పటి పేరట.
రెండు నాలుకలవాడు.
ఒకదానితో చందనం బేరం,
ఒకదానితో జపమాల.
రెండు నాలుకలు అని ఎవరైనా అంటే
అది మెప్పో తిట్టో తేల్చుకోడానికి
మావాళ్ళు ముందు
అన్నవాడి చేతిలోకి చూసేవాళ్ళట:
తక్కెడా? కత్తా?

మా తాత దొమింగుస్ రిబెరు
సింగపూర్లో ఇంగ్లీషు ఓడ ఎక్కబోయాడు.
నువ్వెవరివి, అని అడిగాడు గుమాస్తా.
ఛాతీ విరుచుకుని చెప్పాడు తాత,
తోపాస్.
గుమాస్తా తల ఎత్తకుండానే
చీపురూ బకెట్టూ చేతికిచ్చాడు.

ఆ ఓడల్లో ఆ మాటకి అర్థం
పాయిఖానాలు కడిగేవాడు.

పదకొండేళ్ళు.
జీతాల పుస్తకంలో పేరుండాల్సిన చోట
తోపాస్, నంబరు రెండు.
ఇంటికి రాసిన ఉత్తరంలో మాత్రం
ఒక్క అబద్ధమూ లేదు:
"ఇక్కడా నన్ను
మన పేరుతోనే పిలుస్తున్నారు."
అవ్వ ఆ ఉత్తరాన్ని
వీధి వీధంతా వినేలా చదివింది.
మూడుసార్లు.

తిరిగొచ్చాక తాత టోపీ ముట్టుకోలేదు.
ఎందుకని ఎవరూ అడగలేదు.
అత్తకి కూడా తెలిసింది ఆయన పోయాకే,
ఆ పుస్తకం దొరికాకే.

మొన్న మా చిన్నాడు క్రిసాంతుస్
ఫుట్‌బాల్ జట్టు కట్టి దానికి పేరు పెట్టాడు.
వీపుమీద పసుపు అక్షరాలు: తోపాస్.
"ఏం పేర్రా అది?"
"రాయి అత్తమ్మా! పుష్యరాగం. ఉంగరంలో పెడతారే, అది."
అత్త నవ్విన నవ్వుకి
ఒళ్ళోని జొన్నలన్నీ దొర్లిపోయాయి.

మూడు-ఒకటితో ఓడిపోయారు వాళ్ళు.
బురద చొక్కా అత్తే ఉతికింది.
ఎండకి రంగు వెలుస్తుందని
ఈ ఊళ్ళో బట్టలు తిరగేసి ఆరేస్తారు.
అత్త తిరగెయ్యలేదు.
తీగమీద
అక్షరాలు వీధివైపుకి పెట్టి
రెండు క్లిప్పులు గట్టిగా నొక్కింది.