జేబుకు జ్వరం

మా ప్రెస్సుల "నేను తాగిపిస్త" అని
ఎవ్వడూ అనకపోయేది. అట్లంటే నామోషి.
"ఇయ్యాల పెండ్లికొడుకెవరు?" అని అడిగేది ఆగయ్య,
బైండింగు సూది చెవి సందుల చెక్కుకొని.
బోనసొచ్చినోడో, బిడ్డ పుట్టినోడో
తల వంచుకొని ముందు నడిచేది.
ఎనక మేమంత బరాత్,
సీసం మరకల చేతులతోని,
నారాయణగూడ చౌరస్తా దాటి
రాతి బల్లల ఇరానీ హోటల్ దాక.

ఒక్క చాయ్ రెండు కప్పులైతే
అన్నదమ్ముల పంపకం.
బిల్లు కాడ చేతులు పట్టుకొని గుంజుకుంటే
సరిహద్దు తగాద.
పైసల్లేనోనికి గూడ ఒక మాటుండె:
జేబుకు జ్వరమొచ్చింది.
గంతే. మల్ల అడిగేది లేదు.
ఖలీల్ భాయ్ తన పౌనా సాసర్ల వంచి
"మందు తాగు బిడ్డా" అని జరిపేది.

ప్రూఫులు దిద్దే సుదర్శనం జేబుకు
పదకొండేండ్లు జ్వరం.
ఒక్కపారే నోరు జారిండు ఆగయ్య:
"నీది జ్వరమా, టైఫాయిడా సారూ?"
అందరం నవ్వినం. సుదర్శనమూ నవ్విండు.
ఆయన బిస్కెట్టు చాయ్‌ల ఇరిగి పడ్డది.
చెంచతోని చానసేపు ఎతికిండు.

ప్రెస్సు మూసిన దినం
ఎవరూ అడగకముందే
సుదర్శనం తల వంచుకొని ముందు నడిచిండు.
మనిషికి రెండు లుఖ్మీలు,
ఫుల్ చాయ్, మల్ల ఇంకో ఫుల్ చాయ్.
దస్తీ ముడి ఇప్పి నోట్లు
అచ్చుతప్పులు చూసినట్టు
ఒక్కొక్కటే చూసి పెట్టిండు.
ఎక్కడివని అడగలే.
ఆ ఒక్కనాడు
మాలో ఎవ్వడూ బిల్లు కోసం చెయ్యి చాపలే.

మొన్న అదే గల్లీల ఇంకేదో హోటల్.
పక్క బల్ల మీద నలుగురు పోరగాండ్లు
ఫోన్లు బయటికి తీసి
"తలా ఇరవై ఆరు" అన్నరు.
టింగు, టింగు, టింగు, టింగు.
పెండ్లి లేదు, బరాత్ లేదు,
తగాద అసలే లేదు.

నా జేబుల పైసలున్నయి.
ఊకెనే, మాట బతికుందా సచ్చిందా సూద్దామని
గల్లా మీది పిలగానితోని అన్న:
"జేబుకు జ్వరమొచ్చింది బిడ్డా."

వాడు సెల్లు పక్కకు పెట్టి
నా మొఖం దిక్కు మంచిగ సూసిండు, పాపం.
"పక్కనే మెడికల్ షాపుంది తాతా,
కూసో, గోలి నేను తెస్త."