ఐసు తొట్టి

మొహం చన్నీళ్లలో ముంచి
ముప్పై అంకెలు లెక్కపెట్టమంది స్టెయ్నున్.
నాకు నవ్వాగలేదు.
ఈసాఫ్యోర్దుర్ రేవులో పదిహేడేళ్లుగా
మోచేతుల దాకా ఐసులో పెట్టి చేపలు కోసేదాన్ని,
చలి గురించి నాకు పాఠమా!
ఆమె నొచ్చుకోలేదు.
"చేతులకి అలవాటే థోర్డిస్. మొహానికి కాదుగా."

గురువారం, టీ వేళ,
నాన్న పడవని కేతిల్ అమ్మేశాడని
పక్క బల్ల దగ్గర ఎవరో అంటుంటే విన్నాను.
నా తమ్ముడు. నాతో ఒక్క మాటనలేదు.
పడవకున్నది మా అమ్మ పేరు.

కడుపులో ఏదో పొంగింది.
పాలైతే నీళ్లు చిలకరించేదాన్ని.
మునుపైతే
పద్నాలుగుసార్లు ఫోన్ చేసేదాన్ని,
పద్నాలుగోసారి వాడి పెళ్లాం ఎత్తేది,
ఆ పైన నెల్లాళ్లు
నేనూ, సీసా, సిగ్గూ.

ఏప్రన్ జేబులో స్టెయ్నున్ రాసిచ్చిన కార్డుంది.
ఆగు.
ఓ అడుగు వెనక్కి వెయ్యి.
చూడు.
నాలుగోది చేప నెత్తుట్లో చెరిగిపోయింది.

కత్తి కింద పెట్టి
ఖాళీ తొట్టిలో ఐసు పోసి, నీళ్లు పట్టి
అందరూ చూస్తుండగానే తల ముంచాను.
ఒకటి. రెండు.
పదకొండు దగ్గర నాన్న చేతితొడుగుల వాసన.
పంతొమ్మిది దగ్గర
కోపం కింద కోపం లేదు;
రేవు అంచున తాడు వదలని ఓ పిల్ల
నన్నూ తీసుకెళ్లండి, నన్నూ, అంటోంది.
ముప్పై దాకా పోలేదు. ఊపిరి చాలలేదు.
బోగూస్యా తువ్వాలందించింది.
ఏమిటని అడగలేదు, పోలిష్‌లోనూ.

సాయంత్రం ఒక్కసారే ఫోన్ చేశాను.
కాగితం మీద రాసుకున్నది చదివాను:
"పడవ అమ్మావని తెలిసింది. బాధేసింది.
ముందే చెబుతావనుకున్నాను.
పేరు చెక్కిన పలకైనా నాకిప్పించు."
అటువైపు గాలి. వాడి దగ్గు.
"అప్పులక్కా" అన్నాడు.
పెట్టేశాడు.

ఫోన్ బోర్లించాను.
చెయ్యి మళ్లీ దాని మీదికే పోయింది.
దాని మీద కూర్చున్నాను,
నిజంగానే, బడిలో పిల్లలా.
ఇది ఏ కార్డులోనూ లేదు.

బయట జనవరి.
కొండ దాటి ఎండ మా వీధిలో పడటానికి
ఇంకా తొమ్మిది రోజులు.
పడిన రోజు ఊరంతా అట్లు పోసుకుంటాం.
వాడికి పంచదార చల్లి చుట్టినవి ఇష్టం.
పిలుస్తానో లేదో ఇంకా తేల్చుకోలేదు.
చెయ్యి తిమ్మిరెక్కింది.
ఇంకాసేపు కూర్చుంటాను.