హారం

పైన లవం, కింద హారం.
కావలిలో లెక్కల మాస్టారు సుద్దముక్క విరిగేలా
మధ్యన అడ్డగీత గీసి చెప్పింది ఇంతే.

ఇరవై రెండేళ్లుగా బెంగళూరులో, ఐదో అంతస్తులో,
నీళ్లు రాని వాష్‌బేసిన్ పక్కన
ఆ అడ్డగీత మీదే కూర్చుని ఉన్నాను.
పైన ఆ ఏటి బలవన్మరణాలు,
కింద దేశమంతా.
లక్షకు ఇంతమంది.

గీత ఎక్కింది. కొన్నేళ్లు దిగింది. మళ్లీ ఎక్కింది.
దిగిన ఏడు పైఆఫీసరు
సంతకం కాస్త గుండ్రంగా పెట్టాడు.
చెన్నబసప్ప కళ్లజోడు తుడుచుకుంటూ
"పైనవాళ్లు ఎక్కడ తగ్గారమ్మా" అన్నాడు.
నిజమే. ఆ ఏడు వాణీవిలాస్ ఆసుపత్రిలో
కేర్‌మన్న ప్రతి పసిగుడ్డూ
తనకు తెలియకుండానే
మా దశాంశాన్ని కిందికి లాగింది.

కారణాల గడులూ మారాయి.
ఒక ఏడు "ఇతరములు"లోంచి వేలమంది లేచి
కొత్త గడిలోకి నడిచారు.
దేశానికి కొత్త దుఃఖం వచ్చిందన్నాయి పేపర్లు.
ఆ గడి మేమే గీశాం, ఒక మధ్యాహ్నం,
స్కేలు దొరక్క ఫైలు అంచు పెట్టి.

చెన్నబసప్ప భాషలో హారాన్ని ఛేద అంటారు.
నాకు మాత్రం ఆ మాట వినగానే
టీ గదిలో హేమసుందర్ ఫొటో, దానికి వాడిన చామంతులు.
డేటా ఎంట్రీ కుర్రాడు. టీలో మూడు చెంచాల పంచదార.
ఆ ఏటి మొత్తంలో ఒకట్ల స్థానం వైపు
నేను చూడలేదు.

మరుసటి ఏడు నా వంతనుకున్నాను.
ఎందుకని అడగకండి, ఏ గడిలోనూ పట్టదు.
ఆ రాత్రి పదకొండింటికి
కింద వాటా భాగ్యమ్మ తలుపు దబదబా బాదింది.
"నీళ్ల ట్యాంకరు డబ్బులు. నీ వంతు నూట అరవై. ఇప్పుడే."
చిల్లర లేదన్నాను. ఉంటుంది, వెతుకంది.
పోపులడబ్బా, పాత పర్సు, చీరల మడతలు,
ఇద్దరం వెతికాం.
నూట యాభై తేలింది.
నా ముఖం చూసిందో, కాళ్లే లాగాయో,
గడపలో చతికిలబడి
పాలవాణ్ణీ, మోకాళ్లనీ, మెట్రో తవ్వకాల దుమ్మునీ
తెల్లారేదాకా తిట్టింది.

నివేదికలో ఆమెకు గడి లేదు.
తలుపు కొట్టినవాళ్ల లెక్క ఏ ఠాణా నుంచీ రాదు.
నేను మాత్రం అడ్డగీత కింద,
అన్ని కోట్ల చివర ఎక్కడో
ఒకట్ల స్థానంలో ఉన్నాను.

ఇప్పటికీ మెట్ల మీద ఎదురైతే
పది రూపాయలు బాకీ అంటుంది భాగ్యమ్మ.
ఇస్తాలే, అంటాను.
ఇవ్వను.