తేదీ

తాళం మంచుకు బిగుసుకుపోయింది.
లోపల బోర్డు మీద
పది రోజుల కిందటి శుక్రవారం
ఇంకా సెలవుల్లోనే ఉంది.

"కొత్తగా చేరినావా? ఏం పేరు?"
గుండు పిల్లని అడిగితే
క్లాసంతా ఒకటే నవ్వు.
మా మొగిలీశ్వరే!
రెండు జడలూ కొండమీద ఇచ్చేసి
పలమనేరు బస్సెక్కి వచ్చేసింది.

ఢిల్లీబాబు చేతులు
మోచేతుల దాకా గానుగ వాసన.
మూడో ఎక్కం అడిగితే
బెల్లప్పాకంలా సాగి సాగి
మూడేడ్ల దగ్గర తెగిపోయింది.
నేనూ అందివ్వలేదు.
బయట పొగమంచులో ఎవరిదో మేక
బడి మెట్లెక్కి చూసి పోయింది.

డస్టర్ తీశాను.
"నేను తుడస్తా సార్"
మొగిలీశ్వరి పరుగున వచ్చి
అలవాటుగా జడ వెనక్కి వేయబోయింది.
చెయ్యి గాలిలో ఆగింది.
గుండు ఒకసారి తడుముకొని
మునివేళ్ల మీద లేచి
శుక్రవారాన్ని తుడిచేసింది.

చెవి వెనక ఎండిన చందనం మీద
సుద్దపొడి.