ఎడమ భుజం కాడ

రాయదుర్గం. ఏప్రిల్. రేకుల షెడ్డు.
పదకొండుకే కరెంటు పోయింది.
ఫ్యాను ఇంకో రెండు చుట్లు తిరిగి
మనసు మార్చుకుని నిలబడింది.
ఇంకా నలభై కోట్లు ఉండాయంటాడు తిప్పేస్వామి.
కోట్లంటే డబ్బనుకునేరు, తొడుక్కునేవి.

మొన్నటిదాకా జీన్సు ప్యాంట్లే కుట్టినాం.
ఇప్పుడీ ఆర్డరు,
మంచుకొండల్లో కాపలా ఉండేవాళ్లకంట.
పైగుడ్డకూ లోగుడ్డకూ నడుమ
వెంట్రుక మందాన నల్లదారం, బొగ్గు పోగంట.
వీపున ఎనిమిది వరసలు, రొమ్మున ఆరు,
భుజాలకు మూడు మూడు.
సూది దాన్ని తాకకూడదు.
తాకితే తెగినట్టు కనపడదు, మూగబోతాది.

మా నాయన గొంగళ్లు నేసేవాడు,
చింతగింజల గంజి పట్టించి.
"వేడి గొంగడిది కాదు మే, కప్పుకున్నోడిదే.
పారిపోకుండా పట్టుకుంటాది, అంతే" అనేవాడు.
ఈ కోటు వేడి మాత్రం దీని సొంతం.
జేబులో సబ్బుబిళ్లంత బ్యాటరీ.
ఈ పొద్దు షెడ్డు మొత్తానికి
కరెంటు ఉండేది దీంట్లోనే.

కుట్టినదాన్ని తొడిగి చూడాల.
మిషను చూస్తాదిలే అన్నారు మొదట్లో,
ఆ మిషను బెంగుళూరులో ఉండాది.
నావి వెడల్పు భుజాలు.
పెళ్లిచూపుల్లో వంక పెట్టిన భుజాలే
జవాను కొలతకు సరిపోయినాయి.

జిప్పు గొంతుదాకా లాగి బటను నొక్కినా.
ఎర్రదీపం. మూడు నిమిషాలు.
బయట నలభైమూడు డిగ్రీలు, లోపలెంతో దేవునికెరుక.
మాబున్ని తడిగుడ్డ పట్టుకుని పక్కనే నిలబడింది.
"ఉలిగమ్మక్కా, నీకేమన్నా అయితే
చలికోటులో వడదెబ్బ అని రాస్తారక్కా పేపర్లో!"
అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా.
చెమట కంట్లోకి దిగింది.

కండ్లు మూసుకుని ఒళ్లును అడుగుతా పోయినా.
వీపూ, తగులుతాందా? తగులుతాంది.
నడుమూ? ఊఁ.
ఎడమ భుజమూ?
పలకలేదు.
రూపాయి బిళ్లంత చోటు, చల్లగా.

ఎంత హాయిగా ఉండాదో చెప్పల్లా?
కాలే బండమీద నడిచి నడిచి
ఒక్క అడుగు నీడ తొక్కినట్టు.
బాగుందని చీటీ అంటిద్దామనే అనుకున్నా.
నలభైలో ఒకటి. ఎవురు చూస్తారు?

నాకు తెలిసిన చలి రెండే.
సోడా అంగట్లో ఐసుగడ్డమీద చేయి పెట్టింది ఒకటి.
ఇంకొకటి, మా అన్న ఎర్రిస్వామిని
పండబెట్టిన బాడుగ పెట్టె.
గుంతకల్లు నుంచి వాళ్లు రావాలని
రాత్రంతా దాంట్లోనే పెట్టినారు.
అద్దంమీద చేయి పెట్టి కూచున్నా.
మోటారు గుర్రుమంటానే ఉన్నింది.
తెల్లారేసరికి నా వేళ్లు నావి కాలేదు.

ఆ పెట్టెకన్నా చలి ఉండే చోట
బతికుండే మనిషి నిలబడతాడంట,
నెలలకు నెలలు.

భుజం కుట్టు విప్పినా.
మూడో వరసలో సూది పోగును కరిచింది.
నా సూదే.
ఆ కుట్టు వాలు నాది, నాకు తెలీదా.
తిప్పేస్వామి పలకమీద నా పీసు కొట్టేసినాడు,
పదకొండు రూపాయలు.
కొట్టెయ్ పో.

కొత్త పోగు పరిచి, చేతిసూదితోనే మూసి,
మళ్లీ తొడిగినా. మళ్లీ ఎర్రదీపం.
ఎడమ భుజమూ?
అబ్బా, కాలుతాంది తల్లీ.

మాబున్ని తడిగుడ్డ మెడమీద ఏసింది.
ముప్పైతొమ్మిది కోట్లు.
కరెంటు ఇంకా రాలేదు.